ఒకరి బొమ్మ చూసి ఇంకొకరు: పెయింటర్ల గ్రూప్ షోకి వెళ్ళేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకే కాలంలో పనిచేస్తూ, ఒకరి బొమ్మలు ఒకరు చూసుకుంటూ, మెచ్చుకుంటూ, కుళ్ళుకుంటూ, అందినంత తీసుకుంటూ ఎదిగిన చిత్రకారులుంటారు. వాళ్ళని ఒకే చోట చూపించే ప్రదర్శనలు పెద్ద మ్యూజియాల్లో తరచుగా జరుగుతుంటాయి. అలాంటి షోకి మొదటిసారి వెళ్ళేవాళ్ళూ, వెళ్ళొచ్చి అయోమయంలో పడ్డవాళ్ళూ అడిగే ప్రశ్నలకి ఇవి జవాబులు. వీటిలో నా ఇష్టాయిష్టాలు కూడా కలిసే ఉంటాయి.

మామూలు గ్రూప్ షోకీ దీనికీ తేడా ఏమిటి?

మామూలు గ్రూప్ షోకి ఒక అంశం ఉంటుంది. నగరం, ప్రకృతి, శరీరం, ఏదో ఒకటి. దానికి సరిపడే బొమ్మల్ని పదిమంది దగ్గర నుంచి తెచ్చి పెడతారు. ఆ పదిమందీ ఒకరి మొహం ఒకరు చూసి ఉండకపోవచ్చు. ఇక్కడ మాత్రం ఆ మనుషుల మధ్య సంబంధమే అంశం. ఎవరి స్టూడియోకి ఎవరు వెళ్ళారు, ఏ బొమ్మ చూశాక ఎవరి రంగులు మారాయి, ఎవరు ఎవరితో మాటలు మానేశారు, అంతా అందులోకే వస్తుంది.

2002లో లండన్ టేట్ మోడర్న్‌లో మొదలై పారిస్, న్యూయార్క్ తిరిగిన 'మాటిస్ పికాసో' షో దీనికి మంచి ఉదాహరణ. ఇద్దరూ 1907లో బొమ్మలు మార్చుకున్నారు. మాటిస్ తన కూతురు మార్గరీత్ బొమ్మ ఇచ్చాడు. పికాసో కూజా, గిన్నె, నిమ్మకాయ ఉన్న స్టిల్ లైఫ్ ఇచ్చాడు. ఎదుటివాడి బలహీనమైన బొమ్మనే ఏరికోరి తీసుకున్నారని అప్పట్లో చెప్పుకున్నారు. అయినా ఆ మార్గరీత్ బొమ్మ పికాసో దగ్గరే ఉండిపోయింది, ఇప్పుడు పారిస్‌లో పికాసో మ్యూజియంలో ఉంది. 1954 నవంబరులో మాటిస్ చనిపోయాడు. డిసెంబరులో పికాసో 'అల్జీర్స్ స్త్రీలు' వరుస మొదలుపెట్టి, రెండు మూడు నెలల్లో 15 కాన్వాసులు వేశాడు. పేరుకి అవి 19వ శతాబ్దపు ఫ్రెంచ్ చిత్రకారుడు డెలాక్రా పాత బొమ్మకి కొత్త రూపాలు. కానీ ఆ స్త్రీలని మాటిస్ తనకి వదిలి వెళ్ళిన ఆస్తిగా పికాసో చెప్పుకున్నాడు. ఇలాంటి సంగతి ఒక్కడి బొమ్మలే ఉన్న షోలో మీకు ఎంత చూసినా కనిపించదు.

ప్రభావం అంటే కాపీకి పెట్టిన మర్యాద పేరే కదా?

కొన్నిసార్లు అది నిజంగా కాపీయే. పిస్సారో 1871లో లువెసియెన్ అనే ఊరి దృశ్యం ఒకటి వేశాడు. మరుసటి ఏడు సెజాన్ ఆ బొమ్మని తీసుకుని దాన్ని చూస్తూ మళ్ళీ వేశాడు. అప్పటికి సెజాన్ కుర్రాడేమీ కాదు, 33 ఏళ్ళవాడు. చీకటి రంగులు, దట్టమైన పూతలతో వేసేవాడు తన చెయ్యి మార్చుకోవాలనుకుని, తెలిసి తెలిసి పక్కవాడి దారిలో నడిచి చూశాడు. ఆ కాపీలో కూడా సెజాన్ బయటపడుతూనే ఉంటాడు. చిన్న చిన్న వివరాలు తగ్గిపోయాయి, ఆకారాలు దళసరిగా, గట్టిగా కూర్చున్నాయి.

నాకు నచ్చేది సరిగ్గా ఆ చోటు. పోలిక ఎవరికైనా దొరుకుతుంది. తీసుకున్నవాడు ఎక్కడ మాట వినడం మానేశాడో పట్టుకోవడంలోనే ఇలాంటి షో మజా అంతా ఉంది.

బ్రాక్, పికాసోల విషయం ఇంకా విచిత్రం. 1908 నుంచి 1914 దాకా వాళ్ళు దాదాపు రోజూ ఒకరి పని ఒకరు చూసుకున్నారు. కొంతకాలం కాన్వాస్ ముందువైపు సంతకం కూడా పెట్టలేదు. 1911 నాటి వాళ్ళ బొమ్మలు రెండు పక్కపక్కన పెడితే ఎవరిది ఏదో తేల్చుకోవడానికి అలవాటైన కళ్ళు కూడా తడబడతాయి. పర్వతం ఎక్కేటప్పుడు ఒకే తాడుకి కట్టుకున్న ఇద్దరిలా ఉండేవాళ్ళమని బ్రాక్ తర్వాత చెప్పుకున్నాడు. ఇళ్ళకి రంగులు, అలంకరణ పనులు చేసే కుటుంబం బ్రాక్‌ది. దువ్వెన లాంటి పనిముట్టుతో తడి రంగు మీద గీసి చెక్క నమూనా తెప్పించే కిటుకు అతను ఆ పని నుంచే తెచ్చాడు, పికాసో వెంటనే అందుకున్నాడు. 1912లో పికాసో కాన్వాస్ మీద కుర్చీ అల్లిక అచ్చువేసిన గుడ్డ అతికించాడు. అదే ఏడు కొన్ని నెలల తర్వాత బ్రాక్ చెక్క నమూనా ఉన్న కాగితం ముక్కలు అతికించి బొమ్మ కట్టాడు. అది చూసి పికాసో కాగితాల మీద పడ్డాడు. ఇందులో ఎవరు ఎవర్ని కాపీ కొట్టారో తేల్చమంటే ఏ న్యాయస్థానమూ తేల్చలేదు.

ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో మ్యూజియం వాళ్ళకి ఎలా తెలుస్తుంది?

తేదీలు, ఉత్తరాలు, డైరీలు, స్టూడియో ఫోటోలు, ఎవరి బొమ్మ ఎవరింట్లో ఉండేదన్న రికార్డులు చూస్తారు. బొమ్మ కిందిపొరలు చూడటానికి ఎక్స్‌రే, ఇన్‌ఫ్రారెడ్ తీస్తారు. బతికున్నవాళ్ళయితే వాళ్ళనే అడుగుతారు. వాళ్ళ జవాబుని పూర్తిగా నమ్మకూడదు కూడా, ఎందుకంటే అప్పు ఒప్పుకోవడం పెయింటర్లకీ కష్టమే.

సాక్ష్యం బలంగా ఉన్న సంఘటన ఒకటి చెప్తాను. 1952 అక్టోబరులో అమెరికన్ పెయింటర్ హెలెన్ ఫ్రాంకెంథాలర్ 'మౌంటెన్స్ అండ్ సీ' వేసింది. ఆమెకి అప్పుడు 23 ఏళ్ళు. అప్పటికే పేరున్న పెయింటర్ జాక్సన్ పొలాక్ కాన్వాస్‌ని నేల మీద పరిచి వేస్తాడని ఆమెకి తెలుసు. తనూ అలాగే పరిచింది. కానీ రంగుని టర్పెంటైన్‌తో బాగా పల్చన చేసి, ప్రైమర్ (అడుగు పూత) వేయని పచ్చి గుడ్డ మీద పోసింది. పొలాక్ రంగు గుడ్డ పైన పేరుకుంటుంది, ఆమె రంగు గుడ్డలోకి ఇంకిపోతుంది. 1953లో విమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ ఇద్దరు పెయింటర్లని, మోరిస్ లూయిస్‌నీ కెన్నెత్ నోలాండ్‌నీ, ఆమె స్టూడియోకి తీసుకెళ్ళాడు. వాళ్ళు ఆ బొమ్మ చూశారు. తర్వాత లూయిస్ పని మారిన తీరు ఎవరికైనా కనిపిస్తుంది: 1954 నాటికి పల్చటి రంగు తెరలు ఒకదాని మీద ఒకటి జారుతున్న కాన్వాసులు వచ్చేశాయి. పొలాక్‌కీ, చేయగలిగే కొత్త పనికీ మధ్య ఆ అమ్మాయి ఒక వంతెన అని లూయిస్ ఒప్పుకున్నాడు కూడా. ఎవరు వెళ్ళారు, ఎప్పుడు వెళ్ళారు, ఏ బొమ్మ చూశారు, తర్వాత ఏం మారింది, నాలుగూ దొరికాయి. ఇంత శుభ్రంగా దొరికే సందర్భాలు తక్కువ.

అయితే ఇదంతా గురువు, శిష్యుడు, మనవడు అన్నట్టు ఒక వంశవృక్షమేనా?

అలా గీయాలని చాలామంది ప్రయత్నించారు. 1936లో న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో 'క్యూబిజం అండ్ అబ్‌స్ట్రాక్ట్ ఆర్ట్' షో కోసం ఆల్‌ఫ్రెడ్ బార్ తయారుచేసిన పటం ఇప్పటికీ ప్రసిద్ధం. ఏ ఉద్యమం నుంచి ఏ ఉద్యమానికి ప్రభావం వెళ్ళిందో బాణాలు గీసి, క్యాటలాగ్ అట్ట మీదే వేశారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పరీక్షకి చదివేవాళ్ళకి భలే పనికొస్తుంది.

చిక్కేమిటంటే బాణం ఎప్పుడూ పాతవాడి నుంచి కొత్తవాడి వైపే పోతుంది, పని అంతా పాతవాడే చేసినట్టు. కళా చరిత్రకారుడు మైకేల్ బాక్సండాల్ 1985లో దీన్ని తిరగేసి అడిగాడు. చేతిలో కుంచె ఉన్నది తర్వాతివాడికి కదా? ఏరుకునేదీ, వంచేదీ, వెక్కిరించేదీ, వదిలేసేదీ అతనే. నేను ఈ వాదన వైపే. లేబుల్ మీద 'పొలాక్ ప్రభావంతో' అని ఉంటే, నా మనసులో దాన్ని 'పొలాక్ దగ్గర ఈమె ఏం ఏరుకుంది' అని మార్చి చదువుకుంటాను. అప్పుడు బొమ్మలో చూడాల్సింది రెండింతలవుతుంది.

పక్కపక్కన వేలాడదీస్తే ఏ రెండు బొమ్మలైనా చుట్టాల్లా కనిపిస్తాయి కదా?

కనిపిస్తాయి. ఈ అనుమానంతోనే లోపలికి వెళ్ళండి, మంచిది. రెండింట్లోనూ నీలం ఉంటే చాలు, మన కళ్ళు సంబంధం కలిపేస్తాయి. బొమ్మలు ఎంచి షోని కూర్చే క్యూరేటర్లకి ఆ సంగతి బాగా తెలుసు.

2022లో పారిస్‌లో ఫొండేషన్ లూయీ వితోఁ అనే మ్యూజియంలో మోనేనీ, అమెరికన్ పెయింటర్ జోన్ మిచెల్‌నీ కలిపి చూపించారు. మిచెల్ 1968 నుంచి వెతుయ్ అనే ఊళ్ళో ఉంది, మోనే ఒకప్పుడు కాపురమున్న ఇల్లు ఆమె ఇంటికి దగ్గర్లోనే. ఇద్దరూ ఒకే నది వెలుగు చూసి వేశారు. ఆమె మాత్రం మోనేతో తనని ముడిపెడితే చిరాకుపడేది, సెజాన్ పేరో వాన్‌గో పేరో చెప్పేది. మోనే 1926లోనే పోయాడు కాబట్టి ఇది ఇచ్చిపుచ్చుకున్న సంబంధం కూడా కాదు. అలాంటి షో అందంగా ఉండొచ్చు, చూడదగ్గదే. కానీ బ్రాక్, పికాసోల్ని పక్కపక్కన పెట్టడం వేరు, ఇది వేరు. మొదటిది జరిగిన విషయాన్ని చూపిస్తుంది. రెండోది క్యూరేటర్ చేసిన ప్రతిపాదన. గోడ మీది రాతలో ఆ తేడా చెప్పకుండా దాటేస్తే అది మ్యూజియం తప్పే.

ముందు లేబుల్ చదవాలా, బొమ్మ చూడాలా?

బొమ్మే ముందు. లేబుల్‌లో మొదటిసారి సంవత్సరం ఒక్కటే చూడండి. ఈ రకం షోలో అన్నిటికంటే విలువైన సమాచారం అదే. రెండు బొమ్మల మధ్య ఆరు నెలలుంటే ఒక కథ, పదేళ్ళుంటే ఇంకో కథ.

రెండూ ఒకేసారి కంట్లో పడే చోట నిలబడండి. ఆ తర్వాత బొమ్మల మధ్యభాగం వదిలేసి అంచులు, మూలలు చూడండి. అరువు తెచ్చుకున్న ఆకారం సాధారణంగా నడిమధ్యన కూర్చుంటుంది. మూలల దగ్గర మాత్రం ఎవరి అలవాటు వాళ్ళదే. రంగు ఎక్కడ ఆపాలి, ఖాళీ ఎంత వదలాలి, ముందు ఏం వేయాలి అన్నవి అంత సులభంగా అరువు రావు.

అంతా స్నేహితులే అన్నట్టు రాస్తారు. గొడవలేం ఉండవా?

ఎందుకుండవు! మానే, డెగాలని చూడండి. 1868, 69 ప్రాంతంలో డెగా ఒక బొమ్మ వేశాడు: సోఫాలో వాలిన మానే, పియానో వాయిస్తున్న మానే భార్య సుజాన్. మానేకి తన భార్యని వేసిన తీరు నచ్చలేదు. కత్తి తీసుకుని ఆమె మొహం ఉన్న వైపు కాన్వాస్ కోసేశాడు. డెగా మండిపడి బొమ్మ వెనక్కి తీసుకెళ్ళాడు. కోసిన చోట ఉత్త గుడ్డ కలిపిన ఆ బొమ్మ ఇప్పుడు జపాన్‌లో కితాక్యూషూ మ్యూజియంలో ఉంది. ఇదే డెగా, మానే చనిపోయాక, ముక్కలుగా విడిపోయిన మానే పెద్ద బొమ్మ ఒకటి, మాక్సిమిలియన్ చక్రవర్తిని కాల్చి చంపే దృశ్యం, భాగాలుగా వెతికి కొని మళ్ళీ ఒకచోట చేర్చాడు. అది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. 2023లో పారిస్ ఓర్సే మ్యూజియం, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం కలిసి ఈ ఇద్దరి మీద పెట్టిన షో పేరు 'మానే డెగా', అంతే. ఆ రెండు పేర్ల మధ్య 'మరియు' పెట్టాలా, 'వర్సెస్' పెట్టాలా అంటే నేనూ చెప్పలేను.

ఇద్దరు ఒకే కాన్వాస్ మీద వేసిన సందర్భాలున్నాయా?

వార్హోల్, బాస్కియా 1980ల మధ్యలో కలిసి దాదాపు 160 బొమ్మలు వేశారు. చాలాసార్లు వార్హోల్ ముందు ఏదో కంపెనీ గుర్తో, పత్రిక శీర్షికో పెద్దగా వేసేవాడు, బాస్కియా దాని మీద దాడి చేసినట్టు వేసేవాడు. ఏళ్ళ తరబడి సిల్క్‌స్క్రీన్ (గుడ్డ తెర మీదుగా రంగు అచ్చువేసే పద్ధతి) మీదే ఆధారపడిన వార్హోల్ మళ్ళీ కుంచె పట్టింది ఈ కుర్రాడి సావాసంలోనే. ప్రభావం వయసులో పెద్దవాడి నుంచి చిన్నవాడికే వెళ్తుందనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. 1985లో న్యూయార్క్‌లో వాటిని ప్రదర్శించినప్పుడు విమర్శకులు ఏకిపారేశారు, ఆ దెబ్బకి స్నేహం చల్లబడింది. 1987లో వార్హోల్, 1988లో బాస్కియా పోయారు. 2023లో ఫొండేషన్ లూయీ వితోఁ అవే బొమ్మల్ని పెద్ద ఎత్తున చూపించింది.

నాకు ఇంతకంటే ఇష్టమైనది అమెరికన్ ఆర్టిస్టు రౌషెన్‌బర్గ్ 1955లో చేసిన 'షార్ట్ సర్క్యూట్'. ఒక గ్రూప్ షోకి అతన్ని పిలిచారు, అతను సూచించిన కొత్తవాళ్ళని మాత్రం తీసుకోలేదు. దాంతో తన బొమ్మకే చిన్న తలుపులు బిగించి, ఒక తలుపు వెనక జాస్పర్ జాన్స్ వేసిన జెండా, ఇంకో తలుపు వెనక తన మాజీ భార్య స్యూజన్ వైల్ వేసిన బొమ్మ పెట్టి పంపాడు. అలా పిలవని ఇద్దరూ లోపలికొచ్చారు. 1965లో ఆ జెండా దొంగతనానికి గురైంది. దాని చోట్లో స్టర్టెవంట్ అనే ఆర్టిస్టు వేసిన నకలు పెట్టారు. ఇతరుల బొమ్మల్ని మళ్ళీ వేయడమే ఆమె కళ. ఇప్పుడు 'షార్ట్ సర్క్యూట్' చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. ఒక్క బొమ్మలో ముగ్గురు నలుగురి చేతులు, ఒక దొంగతనం, ఒక నకలు. గ్రూప్ షో మొత్తం ఒక పెట్టెలో పట్టేసింది.

ఇద్దరి బొమ్మలూ ఒకలా లేకపోతే ప్రభావం ఎక్కడ వెతకాలి?

పని పద్ధతిలో. లూసియన్ ఫ్రాయిడ్ మొదట్లో కూర్చుని, సన్నటి మెత్తటి కుంచెలతో, వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టినట్టు వేసేవాడు. ఫ్రాన్సిస్ బేకన్‌తో స్నేహం ముదిరాక, 1950ల మధ్యలో, గరుకైన పంది వెంట్రుకల కుంచె పట్టాడు, నిలబడి వేయడం మొదలుపెట్టాడు. చర్మం మీద రంగు దళసరిగా మారింది. అయినా ఫ్రాయిడ్ బొమ్మ బేకన్ బొమ్మలా ఎప్పుడూ లేదు. బేకన్ ఫోటోలు చూసి వేయడానికి ఇష్టపడేవాడు. ఫ్రాయిడ్‌కి మనిషి ఎదురుగా నెలల తరబడి కూర్చోవాల్సిందే. తీసుకున్నది తెగువ, కుంచె, నిలబడే తీరు. కళ్ళకి కనిపించే శైలి కాదు.

భారతీయ చిత్రకారుల్లో ఇలాంటి బృందాలు లేవా?

బోలెడు. 1947లో బొంబాయిలో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ ఏర్పడింది: సౌజా, రజా, హుసేన్, ఆరా, గాడే, శిల్పి బాక్రే. కొన్నేళ్ళకే సౌజా, రజా, బాక్రే విదేశాలు పట్టారు గానీ ఒకరి పని మీద ఒకరి కన్ను మాత్రం పోలేదు. 2018లో న్యూయార్క్ ఏషియా సొసైటీ వాళ్ళ మీద పెద్ద షో పెట్టింది.

నాకు ఇంకా ఆసక్తికరం 1981 నాటి 'ప్లేస్ ఫర్ పీపుల్' ప్రదర్శన, అందులోని ఆరుగురు: భూపేన్ ఖఖ్ఖర్, గులాం మొహమ్మద్ షేక్, వివాన్ సుందరం, నళినీ మలానీ, సుధీర్ పట్వర్ధన్, జోగేన్ చౌధురి. ఖఖ్ఖర్ చార్టర్డ్ అకౌంటెంట్, పట్వర్ధన్ రేడియాలజిస్టు. మనుషుల్నీ, వీధుల్నీ, కథల్నీ మళ్ళీ బొమ్మలోకి తేవాలన్నది వాళ్ళ పట్టుదల. క్యాటలాగ్‌కి కళా విమర్శకురాలు గీతా కపూర్ వ్యాసం రాసింది. ఆరుగురి బొమ్మలూ ఒకేలా ఉండవు, ఉండాలని వాళ్ళు అనుకోలేదు కూడా. ఒకరి ధైర్యం చూసి ఇంకొకరికి ధైర్యం రావడం కూడా ప్రభావమే. దాన్ని గోడ మీద చూపించడమే కష్టం.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఆకారాలు లేకుండా రంగులతోనే వేసే గైతొండే బొమ్మ చూడగానే, అలాగే వేసిన అమెరికన్ పెయింటర్ పేరు ఎత్తి 'రోత్కోలా ఉంది' అనేవాళ్ళు ఎక్కువ. గైతొండే ఫెలోషిప్ మీద న్యూయార్క్ వెళ్ళింది 1964లో. ఆకారాల్ని వదిలేయడం అంతకు ముందే, 1950ల చివర్లోనే అయిపోయింది. యూరప్ చిత్రకారుడు పాల్ క్లీ బొమ్మలు, జెన్ బౌద్ధ ఆలోచన అతనికి అప్పటికే దగ్గర. పేరున్న నగరంలో ఉన్నవాడి నుంచి మిగతావాళ్ళకి ప్రభావం ప్రవహిస్తుందని ముందే అనుకుని చూస్తే తేదీలు కూడా కనపడవు.

ఇలాంటి షోల్లో ఆడవాళ్ళు ఎందుకు తక్కువ?

ప్రభావం జరిగే చోట్లు, అంటే బార్లు, రాత్రిపూట చర్చలు, ఒకరి స్టూడియోకి ఇంకొకరు వెళ్ళడాలు, ఎక్కువగా మగవాళ్ళ చేతుల్లో ఉండేవి. ఉన్న ఆడవాళ్ళని కూడా 'ఫలానా ఆయన భార్య' అని రాసిపెట్టారు. పొలాక్ పేరు పక్కన అతని భార్య, తనూ పెయింటరైన లీ క్రాస్నర్‌ని అలాగే చాలాకాలం నిలబెట్టారు. నిజానికి చిత్రకళ నేర్పే హాన్స్ హాఫ్‌మన్ దగ్గర చదువుకుని, ఆధునిక చిత్రకళ గురించి మాట్లాడగలిగిన ఆమే పొలాక్‌ని కొందరు ముఖ్యులకి పరిచయం చేసింది. 'ప్లేస్ ఫర్ పీపుల్' ఆరుగురిలో ఏకైక స్త్రీ నళినీ మలానీ. తర్వాత ఆమె అర్పితా సింగ్, నీలిమా షేక్, మాధవీ పరేఖ్‌లతో కలిసి 1987 నుంచి 89 దాకా 'త్రూ ద లుకింగ్ గ్లాస్' పేరుతో ప్రదర్శనలు నడిపింది. పిలిచేవాళ్ళ కోసం ఎదురుచూడకుండా తామే గోడ కట్టుకున్నారు.

పాత బొమ్మ ముందు, కొత్త బొమ్మ వెనక, ఇలా వరసగా ఎందుకు పెట్టరు?

కొందరు పెడతారు. సంబంధం ఇద్దరు ముగ్గురి మధ్య, కొన్నేళ్ళలో జరిగితే కాలక్రమమే మేలు, లేకపోతే కథ చెదిరిపోతుంది. పదుల మంది, దశాబ్దాల వ్యవధి ఉన్నప్పుడు అంశాల వారీగా పెట్టడం నయం. 2022లో కేప్‌టౌన్ జైట్జ్ మోకా మ్యూజియంలో కోయో కువో నిర్వహించిన 'వెన్ వి సీ అస్' నల్లజాతి చిత్రకారుల నూరేళ్ళ బొమ్మల్ని రోజువారీ జీవితం, విశ్రాంతి, సంబరం లాంటి గదుల కింద కలిపింది. ఒకరినొకరు ఎరగనివాళ్ళు కూడా ఒకే మాట మీద మాట్లాడుకుంటున్నట్టు అవుతుంది అప్పుడు.

నేను చూడాలని వచ్చిన బొమ్మే లేదు, ఎందుకు?

అప్పు దొరకలేదు. ప్రదర్శనలో చాలా బొమ్మలు వేరే మ్యూజియాలవి, సొంతదారులవి. పాడయ్యే స్థితిలో ఉంటే పంపరు, కొందరు అసలే పంపరు. బేకన్ 1953లో వేసిన 'టూ ఫిగర్స్' ఫ్రాయిడ్ దగ్గర ఉండేది, పడకగదిలో పెట్టుకుని, ప్రదర్శనలకి అడిగితే ఇచ్చేవాడు కాదు. ఫ్రాయిడ్ 1952లో వేసిన బేకన్ బొమ్మయితే 1988లో బెర్లిన్‌లో ప్రదర్శన నడుస్తుండగానే గోడ మీంచి దొంగలపాలైంది, ఇంతవరకు దొరకలేదు. ఇద్దరి స్నేహం గురించిన ఏ షోలోనూ ఆ చోటు నిండదు.

కాగితం మీది పనుల సంగతి వేరు. వాటికి వెలుతురు పడదు. 50 లక్స్ (వెలుతురు కొలత) దగ్గర, కొద్ది నెలలు మాత్రమే చూపించి మళ్ళీ చీకట్లో పెట్టేస్తారు. ఆయిల్ బొమ్మలు 200 లక్స్ దాకా తట్టుకుంటాయి. గదిలో దీపాలు మందంగా ఉన్నాయని విసుక్కునే ముందు గోడ మీద కాగితం ఉందేమో చూడండి.

ఇప్పటి కుర్ర పెయింటర్లు ఒకరినొకరు ఎలా ప్రభావితం చేసుకుంటున్నారు?

ఎక్కువగా ఫోన్‌లో. ఉదయం ఒక నగరంలో పూర్తయిన బొమ్మ సాయంత్రానికి ఇంకో ఖండంలో ఉన్నవాడు ఇన్‌స్టాగ్రామ్‌లో చూసేస్తాడు. ఫ్రాంకెంథాలర్ స్టూడియోలో నిలబడ్డ ఇద్దరికీ గుడ్డలోకి ఇంకిన రంగు కనిపించింది, బొమ్మ తమకంటే ఎంత పెద్దదో ఒంటికి తెలిసింది. ఫోన్‌లో కొలత పోతుంది, పూత మందం పోతుంది, మిగిలేది రంగులూ ఆకారమూ. కాబట్టి అవే వేగంగా పాకుతాయి. ఏకకాలంలో పదిచోట్ల ఒకే రకం గులాబీ రంగు, ఒకే రకం సాగిన చేతులు కనిపించడానికి ఇదొక కారణమని నా అనుమానం. ఈ తరం బొమ్మల షోకి వెళ్తే, ఫోటోలో ఇంతకు ముందు చూసిన దానికంటే ఎదురుగా ఏది మెరుగ్గా ఉందో గమనించండి. అది ఫోన్ చూసి వేసింది కాకపోవచ్చు.

పెద్ద పేర్ల మధ్య కొత్త పేరు పెడితే దాని ధర పెరుగుతుందా?

మ్యూజియం గోడ ఎక్కిన బొమ్మకి మార్కెట్లో గౌరవం పెరగడం మామూలే. అందుకే లేబుల్ చివర 'ఎవరి దగ్గర నుంచి' అన్న చిన్న వాక్యాన్ని వదలకండి. ఒక గదిలో సగం బొమ్మలు ఒకే అమ్మకపు గ్యాలరీ నుంచి వచ్చాయంటే, ఆ ప్రభావం కథని కాస్త అనుమానంతో వినండి.

ఫోటోలు తీసుకోవచ్చా? స్కెచ్ వేసుకోవచ్చా?

ఫ్లాష్, సెల్ఫీ కర్ర దాదాపు ఎక్కడా ఒప్పుకోరు. అప్పు తెచ్చిన బొమ్మలకి, ముఖ్యంగా బతికున్న పెయింటర్ల బొమ్మలకి, అసలు ఫోటోయే వద్దంటారు, కాపీరైట్ వాళ్ళది. చాలాచోట్ల పెన్సిల్‌తో స్కెచ్ వేసుకోనిస్తారు, పెన్ను, రంగులు వద్దంటారు. తప్పకుండా వేయండి, వంకరగా వచ్చినా సరే. రెండు బొమ్మల్లో తేడా ఎక్కడుందో చూపు కంటే చెయ్యి ముందు పట్టుకుంటుంది.

ఎంతసేపు పడుతుంది?

అన్నీ చూడాలనుకుంటే తలనొప్పి వస్తుంది. ఒకసారి గబగబా చివరిదాకా నడిచి, రెండు మూడు జతలు ఎంచుకుని వెనక్కి రండి. మిగతావి వదిలేసినా నష్టం లేదు. పిల్లలతో వెళ్తే ఏమీ వివరించకండి, 'ఈ రెండిట్లో వేరేగా ఉన్నవి ఐదు చూపించు' అనండి. పెద్దవాళ్ళకంటే వేగంగా చెప్పేస్తారు.

క్యాటలాగ్ కొనాలా?

బొమ్మల కోసమైతే అవసరం లేదు, అచ్చులో రంగులు ఎలాగూ తేడాపడతాయి. ఇద్దరి జీవితాలూ సంవత్సరాల వారీగా పక్కపక్కన అచ్చేసిన పట్టిక ఉంటే మాత్రం కొనండి. కొనేముందు వెనక పేజీలు తిరగేసి అది ఉందో లేదో చూసుకోండి, ఈమధ్య చాలావాటిలో దాన్ని ఎగ్గొట్టి వ్యాసాలు పెంచుతున్నారు.